అక్క క్యాసెట్లో బేసు గొంతు

మేడ్చల్‌లో నాది మోటార్ల వైండింగ్ షాపు. బోరు మోటార్లు, పంపుసెట్లు, పిండిగిర్ని మోటార్లు కాలిపోతే నా దగ్గరికి తెస్తారు. ఆదివారాలు మాత్రం నేను బేస్ గిటారు వాయిస్తాను. ఈ రెండో సంగతి చెబితే షాపుకొచ్చే రైతుల్లో చాలామంది నమ్మరు. బేస్ అంటే ఏమిటని అడిగినవాళ్లకు ఒకటే చెబుతాను. మామూలు గిటారుకు ఆరు తీగలుంటాయి, దీనికి నాలుగే, కానీ లావుగా ఉంటాయి, పాటలో అడుగునుంచి గుమ్మని వినిపించేది ఇదే అని.

"అది లేకపోతే ఏమైతది?" అని ఒకాయన అడిగాడు.

"ఏం గాదు. పాట జర తేలికైతది," అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, తన మోటారు ఎప్పుడిస్తానని అడిగాడు.

మేం ముగ్గురం కలిసి వాయిస్తాం. శామీర్‌పేటలో టెంట్‌హౌస్ నడిపే నా స్నేహితుడు డ్రమ్స్ కొడతాడు. నాకంటే కొంచెం పెద్ద, అందుకని భాయ్ అంటాను. గిటారు వాయిస్తూ పాడేవాడిది అల్వాల్, మందుల కంపెనీలో ఉద్యోగం. మా సాధన అంతా భాయ్ గోదాములోనే. దొంతరలుగా పేర్చిన కుర్చీలు, చుట్టిపెట్టిన తివాచీలు, దావత్‌లకు కిరాయికిచ్చే బిర్యానీ డేగ్‌ల మధ్య కూర్చుని వాయిస్తాం. శని ఆదివారాల్లో చుట్టుపక్కల ఫామ్‌హౌస్‌ల వాళ్లు పిలుస్తుంటారు. పుట్టినరోజులు, ఆఫీసు పార్టీలు, అలాంటివే.

పోయిన ఎండాకాలం ఒక పెద్దాయన నుంచి పిలుపొచ్చింది. ఆయన కాలేజీ స్నేహితులందరూ శామీర్‌పేట చెరువు అవతల ఒక ఫామ్‌హౌస్‌లో కలుసుకుంటున్నారట. అందరూ డెబ్బయ్యేళ్లు దాటినవాళ్లే. తమ చదువుకునే రోజుల్లో విన్న ఇంగ్లీషు రాక్ పాటలే కావాలన్నాడు. గిటారతను ఆ పాటల పేర్లు ఫోన్లోంచి ఒక్కొక్కటే చదువుతుంటే నేను తీగలు తుడుచుకుంటూ వింటున్నాను. ఒక పాట పేరు దగ్గర నా చేయి ఆగింది.

అది అక్క క్యాసెట్లోని పాట. పల్లవిలో పదే పదే వినిపించే మాటే దాని పేరు.

అక్క నాకంటే తొమ్మిదేళ్లు పెద్ద. ఆమె డిగ్రీ చదివేటప్పుడు పొద్దున్నే మేడ్చల్ స్టేషన్‌లో ప్యాసింజర్ ఎక్కి పోయేది, మధ్యాహ్నం దాటాక వచ్చేది. వచ్చాక వెనక గదిలో తలుపు దగ్గరికేసుకుని టేప్‌రికార్డరు పెట్టుకునేది. మాది సినిమా పాటల ఇల్లు. బాపు రేడియో వినేవాడు, అవ్వ, అంటే మా అమ్మ, భజనలు పాడేది. ఆ ఇంగ్లీషు పాటలు అక్కకు ఎలా అంటుకున్నాయో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు. నేను ఆ గది గడపమీద కూర్చుని వినేవాణ్ని. మాటలు ఒక్కటీ అర్థమయ్యేవి కావు. నాకు పట్టింది అడుగున నడిచే ఆ గొంతు. అది బేస్ అని కూడా తెలియదు. మీటగానే గరుకుగా పట్టుకునేది. ఆ తర్వాత లోపల ఏదో తిరుగుతున్నట్టు పెరిగి, తగ్గి, మళ్లీ పెరిగేది. అవ్వ చల్ల చిలికేటప్పుడు కవ్వం అటూ ఇటూ తిరిగే తీరు నాకు గుర్తొచ్చేది. పెద్దయ్యాక నాకు గిటారు కాకుండా బేసే కావాలనిపించడానికి కారణం ఆ గొంతే అనుకుంటాను.

"గీ పాట నాకు యాదుంది," అన్నాను. "దీనికి బేసు ఎట్లుండాల్నో నాకు తెల్సు."

ఆ మాట అనకుండా ఉంటే ప్రోగ్రాముదాకా ఉన్న రెండు నెలలు ప్రశాంతంగా గడిచేవి.

మొదట ఫోన్లో చూశాను. ఆ కాలపు బేసు చప్పుడు ఎలా తెప్పించాలో చెప్పే వీడియోలు లోకంలో లెక్కలేనన్ని ఉన్నాయి. ఒకతను కొత్త తీగలే వేయాలంటాడు. మరొకతను పాత తీగలైతేనే ఆ గొంతు వస్తుందంటాడు. వేళ్లతో కాదు, ప్లాస్టిక్ బిళ్లతో గట్టిగా కొట్టాలని ఒకరు. తీగల కింద స్పాంజి ముక్క దూర్చాలని ఇంకొకరు. ఒకతనైతే పాత తీగలను నీళ్లలో మరిగిస్తే కొత్తవాటిలా మోగుతాయని చెప్పాడు. అది నాకు ఖర్చులేని పనిగా తోచింది. నాలుగు తీగలూ విప్పి, చుట్టచుట్టి, వంటింట్లో పొయ్యిమీద పెట్టాను. మా ఆవిడ వచ్చి మూత తీసి చూసింది.

"గిదేం పులుసు?" అని అడిగింది.

"బేసు తీగలు. మురికి పోతది."

"పాలగిన్నె దొరికిందా నీకు?"

ఆ గిన్నె ఆ తర్వాత షాపుకొచ్చేసింది. ఇప్పుడు అందులో వార్నిష్ కలుపుతున్నాను.

తీగలు మరిగాక నిజంగానే మెరుపుగా మోగాయి. కానీ అది నేను వెతుకుతున్న గొంతు కాదు. అప్పుడు పికప్ మీద అనుమానం వచ్చింది. పికప్ అంటే తీగల కింద ఉండే చిన్న కాయిల్. అయస్కాంతాల చుట్టూ వెంట్రుకలాంటి రాగి తీగ చుట్టి ఉంటుంది. తీగ కదలికను అదే పట్టి స్పీకరుకు పంపిస్తుంది. రాగి తీగ చుట్టడమే నా బతుకు. ఇదేం బ్రహ్మవిద్య అనుకుని ఉన్నదాన్ని విప్పేసి కొత్తగా చుట్టాను. చుట్లు ఎక్కువ వేస్తే గొంతు లావుగా, బొంగురుగా అయింది. తగ్గిస్తే శుభ్రంగా, సన్నగా వచ్చింది. రెండూ బాగానే ఉన్నాయి. రెండూ కావు.

ఒకరోజు షాపులో చిన్న స్పీకరుకు తగిలించి ఆ పాటలోని ముక్క వాయిస్తున్నాను. రావల్కోల్ నుంచి కాలిన మోటారు తెచ్చిన ముసలి రైతు ట్రాలీ ఆటో దిగి గుమ్మంలోనే ఆగి విన్నాడు.

"బేరింగ్ పోయినట్టున్నది," అన్నాడు.

"మోటర్ గాదే పెద్దయ్యా, గిటారు."

"ఏదైతేంది, గీసుకపోతాంది గద. గ్రీజు పెట్టి సూడు."

నాకు నవ్వు రాలేదు. గీసుకుపోతున్నట్టు ఉందంటే గరుకు సరిగ్గానే వచ్చిందన్నమాట. మరి దాని వెనక పెరిగి తగ్గే ఆ వణుకు ఏది?

ఇంతవరకూ నేను ఆ పాట అసలు రికార్డింగును సరిగ్గా వినలేదు. గుర్తున్నది కదా అని వినలేదు. ఆ రాత్రి భోజనం కాకముందే ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాను. పాట మొదలైంది. గిటారు అదే, పాడే గొంతు అదే. బేస్ వచ్చింది. గరుకుగా, ముందుకు తోసుకొస్తూ, చాలా బాగుంది. అందరూ మెచ్చుకునేది ఎందుకో తెలిసింది. కానీ అందులో వణుకు లేదు. కవ్వం తిరగలేదు. నేను చుట్టిన పికప్‌తో, బిళ్లతో కొడితే వచ్చే చప్పుడు దీనికి ఇంచుమించు దగ్గరగానే ఉంది. అంటే నేను అనుకోకుండానే అసలుదాన్ని చేరుకున్నాను. చేరుకున్నది నాకు కావలసింది కాదు.

భాయ్‌కి రెండూ వినిపించాను. ఫోన్లోది ఒకసారి, నాది ఒకసారి.

"సేమ్ టు సేమ్ ఉన్నది," అన్నాడు. "మాషా అల్లా. ఇగ పరేషాన్ ఎందుకు?"

"అసలు పాటే తప్పున్నది భాయ్."

అతను డ్రమ్ కర్రలు కింద పెట్టి నన్ను చూశాడు. "పాట ఎట్ల తప్పుంటది? వాళ్లే గదా జేసిన్రు?"

పాటలు పాత రికార్డుల నుంచి ఫోన్లోకి ఎక్కించేటప్పుడు కడిగి ఆరేస్తారని ఎక్కడో చదివాను. ఆ కడగడంలో వణుకు పోయిందేమో అన్నాను. అయితే ఆ మాట నాకే నమ్మబుద్ధి కాలేదు.

తర్వాతి ఆదివారం గోదాములో వాయిస్తుంటే ఒక్కసారిగా అది వచ్చింది. కింది తీగమీద ఒక స్వరం నొక్కిపట్టగానే ఊఁ అంటూ లేచి, తగ్గి, మళ్లీ లేచింది. నేను వాయించడం ఆపాను. అది ఆగలేదు, కొంచెంసేపు అలాగే మూలిగింది. ముగ్గురం చెవులు రిక్కించి వెతికాం. మూలనున్న పెద్ద డేగ్ మోగుతోంది. భాయ్ దానిమీద చెయ్యి పెట్టగానే నోరు మూసుకుంది.

"ప్రోగ్రాముకు దీన్ని గూడ తీస్కపోదమా?" అన్నాడు గిటారతను.

భాయ్ నవ్వాడు గానీ నేను నిజంగానే ఆలోచించాను. చిన్నప్పటి వెనక గదిలో అలాంటిదేమైనా ఉండేదా? బియ్యం డ్రమ్ము? ఇత్తడి బిందెలు? అవ్వ తన బిందెల్ని ఎక్కడ పెట్టేదో గుర్తు చేసుకుంటూ ఆ సాయంత్రం అంతా గడిపాను. బిందెలు గుర్తొచ్చాయి, గది గుర్తురాలేదు.

చివరికి అక్క దగ్గరికి పోయాను. అక్క అల్వాల్‌లో ఉంటుంది. చిన్న ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతుంది. బావ రైల్వేలో చేసి రిటైరయ్యాడు. పోతూ పోతూ భాయ్ గోదాములో మూలకు పడివున్న పాత టేప్‌రికార్డరు వెంట తీసుకెళ్లాను. బెల్టు సాగిపోయి ఉంటే కొత్తది వేసి, హెడ్ తుడిచి సిద్ధం చేసుకున్నాను.

"ఏందిరా, చెప్పకుంట వచ్చినవ్? బువ్వ తిన్నవా?" అంది అక్క.

తిన్నాను. తింటూ అడిగాను. ఆ క్యాసెట్ ఉందా అని.

"ఏ క్యాసెట్?"

పాట కొంచెం కూనిరాగం తీశాను. అక్క ముఖంలో ఏమీ కనిపించలేదు. "మస్తుగుండె అప్పుడు క్యాసెట్లు," అని లేచి సజ్జమీద డబ్బా దింపమంది. బావ స్టూలెక్కి దింపాడు. పాత ఫ్యాన్ రెక్క, పిల్లల జామెట్రీ బాక్సులు, కొన్ని క్యాసెట్లు. వాటిలో ఒకదాని మీద ఏ పేరూ లేదు, నీలం సిరాతో ఒక పువ్వు గీసి ఉంది. చూడగానే అదే అని నాకు తెలిసింది. ఆ పువ్వును నేనే గీశానేమో అనిపించింది. అక్క మాత్రం తానే గీశానంది.

పెట్టి నొక్కాను. ముందు బుస్సుమని గాలి. ఆ తర్వాత పాట.

నేను తప్పు గుర్తుపెట్టుకోలేదు. ఆ గొంతు అక్కడే ఉంది. గరుకు, దాని వెనక వణుకు, పెరిగి తగ్గే కవ్వం. అయితే ఇప్పుడు నా చెవి చిన్నపిల్లవాడి చెవి కాదు, ఇంకా చాలా వినిపించాయి. దూరంగా ప్రెషర్ కుక్కర్ కూత. నేలమీద ఎవరో కాలితో తాళం వేస్తున్న చప్పుడు. పాట మధ్యలో ఒక ఆడపిల్ల కిసుక్కున నవ్వడం. ఇది దుకాణంలో ఎక్కించిన క్యాసెట్ కాదు. ఎవరిదో ఇంట్లో రికార్డు మోగుతుంటే ముందు మైకు పెట్టి పట్టింది.

"ఎవరక్కా నవ్వేది?"

అక్క ఏదో అనబోయింది. అంతలో టేపు లోపల చిక్కుకుని కీచుమంది. ఆపి, మూత తెరిచి చూసేసరికి రీలు రోలరుకు చుట్టుకుపోయింది. మెల్లగా తీశాను గానీ మడతలు పడి, ఒకచోట తెగింది. బావ "అయ్యో" అన్నాడు. అక్క మాత్రం ఆ టేపును చూడడం లేదు.

"అది నా దోస్తు," అంది. "వాళ్ల ఇల్లు గీడనే ఉండె, స్టేషన్ కాడ. వాళ్ల నాయినకు పెద్ద పెద్ద రికార్డులుండె. కాలేజైనంక నేను వాళ్లింటికి పోతుంటి. వాళ్లన్న చర్చిల వాయిస్తుండె. గదే, నీ దగ్గరున్నసొంటిది, నాలుగు తీగలది. వాళ్లన్న డ్యూటీకి పోంగనే తీసి వాయిస్తుంటిమి."

నేను తెగిన టేపు పక్కన పెట్టాను. "వాయించుడేంది? ఎవరు?"

"నా దోస్తే వాయించేది. రికార్డు పెట్టి, దాంతోటి."

అప్పుడు తలలో ఏదో తిరిగింది. షాపులో రెండు మోటార్లు పక్కపక్కన పెట్టి తిప్పితే, రెండింటి వేగంలో వెంట్రుకవాసి తేడా ఉంటే, ఊ అని పెరిగి తగ్గే చప్పుడు వస్తుంది. రోజూ వింటాను. రికార్డులో ఒక బేసు, గదిలో ఒక బేసు. రెండూ ఒకే ముక్క వాయిస్తున్నాయి, శృతిలో కాస్త తేడాతో. నేను ఇన్నేళ్లుగా ఒక గొంతు అనుకున్నది రెండు. ఒకటి ఎక్కడో సముద్రాల అవతల డెబ్బైల్లో వాయించింది. రెండోది అల్వాల్ స్టేషన్ పక్క వీధిలో, కుక్కర్ కూస్తుండగా, ఎవరో ఆడపిల్ల వాయించింది.

"శృతి తేడా ఉండెనా అక్కా?"

"శృతి చేసుడు మాకెక్కడొచ్చు. వాళ్లన్న ఎట్ల పెట్టిపోతే అట్లనే. ముట్టుకున్నట్టు తెలిస్తే కొడుతడని భయం," అని నవ్వింది. ఆ నవ్వు విన్నాక నాకు ఇంకో అనుమానం వచ్చింది. క్యాసెట్లో నవ్వింది కూడా అక్కేనా? నవ్వింది అక్క అయితే వాయించింది స్నేహితురాలు. నవ్వింది స్నేహితురాలైతే...

"నువ్వు గూడ వాయించినవా?"

"నాకూ జర జర అచ్చేది. అది నేర్పింది." డబ్బా సర్దుతూ, "ఇద్దరం మార్చి మార్చి వాయిస్తుంటిమి. గా క్యాసెట్ల ఎవరున్నరో నాకు యాదికి లేదు," అంది.

"ఆమె ఇప్పుడెక్కడుంది?"

"ఏమో. వాళ్ల నాయినకు ట్రాన్స్‌ఫర్ అయింది. మళ్ల కలువనే లేదు."

బావ గోడకానుకుని ఇదంతా వింటున్నాడు. పెళ్లయి ముప్పయ్యేళ్లు దాటింది, ఆయనకూ ఈ సంగతి కొత్తే. "నాకెన్నడు చెప్పలె," అన్నాడు. కోపంగా కాదు, నిజంగా ఆశ్చర్యపోతూ.

"మీరెన్నడన్న అడిగిన్రా?" అంది అక్క, నా కంచం తీసుకుని లోపలికి పోతూ.

ఆ రోజు మేడ్చల్‌కు తిరిగొస్తూ బండిమీద నేను దేన్ని గురించి ఆలోచించాలో తెలియలేదు. చప్పుడు ఎలా వచ్చిందో తెలిసింది, అందుకు సంతోషపడాలి. కానీ అక్క బేస్ వాయించేదన్న మాట చప్పుడు కంటే పెద్దదై అడ్డం నిలబడింది. నేను బేస్ కొన్న రోజున అక్కకు చూపించాను. ఆమె ఒక్కసారి తీగమీద వేలు పెట్టి తీసేసి, బాగుందంది. అంతే. అప్పుడు ఎందుకు చెప్పలేదు? చెప్పాల్సినంత పెద్ద సంగతి కాదేమో. లేక నేను మాట్లాడనివ్వలేదేమో. నేను ఆ రోజు ఆపకుండా మాట్లాడుతూనే ఉన్నానని గుర్తు.

తర్వాతి ఆదివారం బేసూ, చిన్న స్పీకరూ వేసుకుని మళ్లీ అల్వాల్ పోయాను. సాధన ఉందని భాయ్ ఫోన్ చేస్తే, సాధనకే పోతున్నానని చెప్పాను.

"నువ్వు వాయించాలె," అన్నాను అక్కతో. "ఫోన్ల పాట పెడుత. దాంతోటి వాయించు. అప్పుడెట్ల వాయించిన్రో అట్ల."

"నీకేమన్న పిచ్చిలేసిందా?" అంది. అయితే చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని వచ్చి కూర్చుంది.

బేసు ఆమె ఒళ్లో పెద్దగా కనిపించింది. మొదట పట్టుకోవడమే రాలేదు. ఎడమచెయ్యి బేసు మెడ కట్టెమీద అటూ ఇటూ జరిగింది. ఆ తర్వాత ఒకచోట ఆగింది. పాట పెట్టాను. కుడిచేతి బొటనవేలితో, మెత్తగా, బిళ్లా గిళ్లా ఏమీ లేకుండా మీటింది. మొదటి ముక్క తప్పింది, రెండోది తప్పింది. మూడోసారి చెయ్యి దానంతటదే దారి పట్టింది. పాటలోని బేసు ఎక్కడ కిందికి దిగుతుందో అక్క చేతికి తెలుసు. ఆమె కళ్లు మాత్రం ఎదుటి గోడమీద ఉన్నాయి.

వణుకు రాలేదు. నేను బేసును పాటకు సరిగ్గా శృతి చేసి తెచ్చాను, అందుకని. ఆమె చేతిలోంచి తీసుకోకుండానే తీగలు బిగించే మరలు కొంచెం తిప్పి వదులు చేశాను.

"శృతి పోయింది గద," అంది అక్క.

"పోనియ్. గట్లనే వాయించు."

ఈసారి వచ్చింది. ఫోన్లోంచి ఒక బేసు, అక్క చేతిలోంచి ఒక బేసు కలిసి, ఊ అని పెరిగి, తగ్గి, పెరిగాయి. ఇదే, ఇదే అని నాలో నేను అనుకుంటున్నాను. బావ తలుపు దగ్గర నిలబడి తల ఊపుతున్నాడు.

అక్క ఆపేసింది.

"ఇది గాదురా," అంది.

"ఇదే అక్కా. నేను సరిగ్గ విన్న."

"కాదు. అప్పుడు సప్పుడు సన్నగుండె. ఇంత లావు లేకుండె. వాళ్లింట్ల పెద్ద వాల్వుల రేడియో ఉండె, దాని వెనక వైరు దూర్చి వాయిస్తుంటిమి." మళ్లీ తనే ఆగింది. "రేడియో మనింట్ల ఉండెనా, వాళ్లింట్లనా?"

"మనింట్ల చిన్నది ఉండె. బాపుది."

"మరి పెద్దది వాళ్లదే," అంది, అయితే నమ్మకంగా అనలేదు.

నేను వాదించలేకపోయాను. క్యాసెట్ ఉంటే మళ్లీ విని తేల్చుకునేవాళ్లం. అది తెగిపోయింది. అతికించి చూశాను. మడతలు పడిన చోట పాట మునిగిపోయి, తేలి, ఏది వణుకో ఏది మడతో తెలియకుండా పోయింది. అక్క వాయించినది ఫోన్లో రికార్డు చేసుకున్నాను. ఇంటికొచ్చి వింటే ఒకసారి అదే అనిపించింది, ఇంకోసారి అనిపించలేదు. అక్కను చూస్తూ విన్నప్పుడు వచ్చినది చెవికి వచ్చిందో, కంటికి వచ్చిందో చెప్పలేను. మా ఆవిడను అడిగితే, "అక్క మంచిగ వాయించింది," అంది. నేను అడిగింది అది కాదు. కానీ ఆ మాట కాదనలేకపోయాను.

ఆ ఆదివారం బయల్దేరేముందు బేసు సంచిలో పెట్టబోతుంటే అక్క అంది, "ఉండనియ్. వచ్చే వారం తీస్కపో."

"నాకు ప్రోగ్రామ్ ఉన్నదక్కా."

"ఎప్పుడు?"

"శనివారం."

"మరి ఇంకోటి దొర్కదా?"

నేను నవ్వాను గానీ అక్క నవ్వలేదు. స్పీకరు కూడా అక్కడే వదిలి వచ్చాను.

భాయ్‌కి ఫోన్ చేసి చెప్పాను. "యార్, నువ్వు బేసు వాయిస్తవా, బేసు దానం జేస్తవా?" అన్నాడు. తర్వాత తనే జవహర్‌నగర్ అవతల ఉన్న ఇంజినీరింగ్ కాలేజీలో తెలిసిన లెక్చరర్ దగ్గర ఒక బేసు అడిగి తెచ్చాడు. మామూలు బేసు, మామూలు తీగలు. నా పికప్ లేదు, మరిగించిన తీగలు లేవు. సరిగ్గా శృతి చేసుకున్నాను, ఇక వేరే దారి లేక.

శనివారం సాయంత్రం ఫామ్‌హౌస్ పచ్చికలో కుర్చీలు వేసి పెద్దవాళ్లందరూ కూర్చున్నారు. చెరువువైపు నుంచి గాలి వీస్తోంది. ఆ పాట వచ్చేసరికి కొందరు లేచి చేతులూపారు. ఒకావిడ భర్తను బలవంతంగా లేపి నిలబెట్టింది. నేను బిళ్ల వదిలేసి బొటనవేలితో మీటాను. ఎందుకు అలా చేశానో నాకూ తెలియదు. గొంతు మెత్తగా, గుండ్రంగా వచ్చింది. నేను రెండు నెలలు వెతికిన దేనికీ అది పోలికే కాదు.

పాట అయ్యాక మమ్మల్ని పిలిచిన పెద్దాయన దగ్గరికొచ్చి నా భుజం తట్టాడు.

"బేస్ అచ్చం ఆ రోజుల్లో విన్నట్టే ఉంది బాబూ," అన్నాడు.

థాంక్స్ సార్ అన్నాను. ఆయన ఆ రోజుల్లో దేన్ని విన్నాడో, ఎవరి గదిలో, ఏ రేడియోలోంచి విన్నాడో అడగాలనిపించింది. అప్పటికే ఆయన తన స్నేహితుల వైపు నడుస్తున్నాడు. భాయ్ వెనకనుంచి, "చూసినవా? సేమ్ టు సేమ్," అన్నాడు.

ఆ తర్వాతి ఆదివారం అల్వాల్ పోయాను. బావ గేటు తీసి, అక్క లోపలుందని సైగ చేశాడు. వరండాదాకా వినిపిస్తోంది. ఫోన్లో పాట లేదు, బేసు ఒక్కటే. ఆగి ఆగి, ఒకేచోట మళ్లీ మళ్లీ. నేను చెప్పులు విడిచి గడప దగ్గర నిలబడ్డాను. అక్క నన్ను చూసి ఆపలేదు. తీగల్ని ఆమే మళ్లీ బిగించుకున్నట్టుంది, శృతి సరిగ్గా ఉంది. లేదా నా చెవికి అలా అనిపించింది.

"వచ్చినవా," అంది. "గీ నడిమి ముక్క కాడ వేలు ఎటు పోవాలెరా? ఎంత జేసినా అందుతలేదు."

నేను పోయి పక్కన కూర్చున్నాను.